తరుగు

కోర్ కట్టర్ అంటే ఇనప గొట్టం, అంతే.
లోపల వెయ్యి ఘనపు సెంటీమీటర్ల చోటు.
గుణుపురం దాటాక వంశధార మీద
కొత్త వంతెనకి గట్టు పోస్తున్న చోట
ఏలియా గొమాంగో దాన్ని సుత్తితో దిగ్గొడతాడు,
చుట్టూ తవ్వి
పనసకాయలోంచి తొన తీసినట్టు తీస్తాడు.
అంచులు దాటిన మట్టిని
నేను కత్తితో గీసి చదును చేస్తాను.

గొట్టం బరువు పోగా పద్దెనిమిది వందల నలభై గ్రాములు.
రాసుకున్నాను.
అది తడి బరువు. తడి బరువుని నమ్మకూడదు.
ఈ ఉద్యోగంలో మొదటి పాఠం అదేనట.
నాకది పాత పాఠం.

మా నాన్నకి రామనగుడ సంతలో కాటా ఉండేది.
కొండ దిగి సవరలు చింతపండు తెచ్చేవారు,
చీకటుండగా బయల్దేరి, కావళ్ళతో.
నాన్న గుప్పెడు తీసి నలిపి
పెదవి విరిచి
"తడుందిరా, తరుగు పోవాల" అనేవాడు.
పది కిలోలు ఎనిమిదయ్యేవి.
కొండరాయి పగిలే ఎండల్లో కూడా
ఎనిమిదే అయ్యేవి.
పద్దు రాసేది నేను.
ఏడో తరగతి. నా అంకెలు గుండ్రంగా ఉంటాయని.

ఇక్కడ ఓవెన్ నూటఐదు డిగ్రీలు,
ఇరవైనాలుగు గంటలు.
రాత్రి రెండుసార్లు కరెంటు పోయింది.
రెండుసార్లూ గంటలు మొదట్నించి లెక్కపెట్టాను.
చివరికి పదహారు వందలు.
గంట ఆగి మళ్ళీ కాటా మీద పెట్టాను.
పదహారు వందలే.
పోయిన నీళ్ళు రెండువందల నలభై, పొడిమట్టిలో నూటికి పదిహేను.

తర్వాతంతా విడదీయడమే.
గింజల సాంద్రత రెండు పాయింటు ఆరు ఏడు.
దానితో భాగిస్తే
గింజలు నిజంగా కూచున్న చోటు ఐదువందల తొంభైతొమ్మిది.
మిగతా నాలుగువందల ఒకటీ ఖాళీ.
ఆ ఖాళీలో రెండువందల నలభై నీళ్ళవి,
నూట అరవై ఒకటి గాలిది.
"బండలాగ ఉంది చూడు" అని
పాఢీబాబు బూటుకాలితో తన్ని చూపించిన గట్టులో
వెయ్యికి నాలుగువందల ఒక వంతు మట్టే లేదు.

పొడి సాంద్రత ఒకటి పాయింటు ఆరు సున్నా.
ఈ మట్టి ఎంత బాగా దిమ్మిసా కొడితే ఎంత అణుగుతుందో
అచ్చులో కొట్టి ముందే చూశాం: ఒకటి పాయింటు ఏడు రెండు.
నూటికి తొంభైమూడు వచ్చింది.
కావలసింది తొంభైఐదు.

పాఢీబాబు ముందు ఒడియాలో మెత్తగా అడిగాడు,
తర్వాత తెలుగులో ఇంకా మెత్తగా.
"రోలరు రాయగడ వెళ్ళిపోనాదమ్మా. వానలు ముంచుకొస్తన్నాయి.
ఆ చివరి సున్నాకి పైన చిన్న కొమ్ము పెట్టు,
ఆరైపోద్ది."

నిజమే, అవుతుంది.
పెన్ను కాగితం మీద ఆనించే ఉంది.

గుమ్మంలో ఏలియా గొట్టం కడుగుతున్నాడు.
అతనిది సంత తెలుగు, తూకానికీ బేరానికీ సరిపడా.
"తరుగెంత?" అన్నాడు తలెత్తకుండా.
"రెండొందల నలభై."
"ఎలా తెలిసె?"
"ఎండబెట్టాను."
ట్రేలో పొడిమట్టి కేసి కాసేపు చూశాడు,
వేలితో తాకాడు, దులుపుకున్నాడు.
"మీ నాన్న ఎండబెట్టలే."

తిట్టినట్టు లేదు.
ఇవాళ ఏ వారమో చెప్పినట్టు ఉంది.

ఆ కావళ్ళలో వాళ్ళమ్మది ఏదో నాకు గుర్తులేదు.
నా అంకెలు గుర్తున్నాయి.
ఒకదాని కింద ఒకటి, ఎనిమిదులు.

సున్నాని సున్నాగానే వదిలి
కింద సంతకం పెట్టాను.
పాఢీబాబు కాగితం మడతపెట్టి
చొక్కా జేబులో కాదు, లాగు జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు గట్టు మీద కొత్త మట్టి తోలుతున్నారు,
పాతది తియ్యకుండానే.
ఏలియా గొట్టం భుజాన వేసుకున్నాడు,
సుత్తి నాకిచ్చాడు.
"ఈపాలి లోతుగా కొడదాం," అన్నాడు.