లాకులెత్తని నెల

కాలువలు కట్టేసిన మే నెలలో పుట్టావు, కెజియా.
వంతెన కింద పగిలిన బురద,
దాని మధ్య కూరుకుపోయిన ఎవరిదో చెప్పు.
అమలాపురం ఆసుపత్రిలో
కరెంటు పోయిన మధ్యాహ్నం
నిన్ను తడిగుడ్డలో చుట్టి నా చేతికిచ్చారు.

మూడు రోజులు నువ్వు గుంజావు,
నేను పళ్ళు బిగబట్టాను.
మొన చిట్లి
నీ పెదవికి ఎర్రగా ఏదో అంటింది, పాలు కాదు.
ఎవరో పాలపొడి డబ్బా తెచ్చి కిటికీలో పెట్టారు.
దాని మీద నవ్వుతున్న పాపని
గోడవైపు తిప్పేశాను.

నేనా, సండేస్కూలు టీచర్ని.
వాక్యాలు అప్పజెప్పిన పిల్లలకి పెన్సిళ్ళు పంచేదాన్ని.
మూడేళ్ళు నలభయ్యేసి రోజుల ఉపవాసం చేసి
మోకాళ్ళ కాయలు చూసుకుని
లోపల్లోపల మురిసినదాన్ని.
ఇప్పుడు మోకరిస్తే కుట్లు లాగుతున్నాయి,
కళ్ళు మూస్తే నిద్ర ముంచేస్తోంది.
ప్రార్థన రెండో మాటకే నువ్వు లేస్తావు.
ఎన్ని ఆమెన్‌లు నీ ఏడుపులో కలిసిపోయాయో.

తోడికోడలు మెర్సీ వచ్చింది,
చంకలో బుగ్గల జోయెలు.
సంఘం ఆడవాళ్ళందరూ ఉండగా అంది:
"మా అక్క ఉపవాసాలకే గానండీ, పాలకి కాదు.
ఎండిన కాలువ."
అందరూ నవ్వలేదు.
నవ్వినవాళ్ళ పేర్లు మాత్రం గుర్తుపెట్టుకున్నాను.

సువార్తమ్మ మామ్మ
పాలసొర పుట్టు గిన్నెతో వచ్చింది.
దగ్గరుండి తినిపించి, జాకెట్టు విప్పించి,
నిన్ను తెచ్చి నా గుండె మీద బోర్లా వేసింది.
"పాలేమన్నా జీతమటే,
ఉపవాసాలు లెక్కేసి ఇవ్వడానికి?
అడగడం మానెయ్. దాని వాసన చూస్తా పడుకో."

పడుకున్నాను.
రొయ్యల చెరువుల్లో చక్రాలు తిరుగుతున్న చప్పుడు.
నీ తల మీద పచ్చి కొబ్బరి వాసన.
పాలు ఎప్పుడొచ్చాయో తెలీదు.
తెల్లారి చూస్తే దుప్పటి తడిసి ఉంది.

జూన్‌లో లాకులెత్తారు.
ఆగస్టులో గోదారి మా లంక చుట్టూ తిరిగింది.
మెర్సీకి జ్వరం, మాట తేడా.
పడవ మీద కాకినాడ తీసుకెళ్ళారు.
రాత్రి పదకొండింటికి మరిది గుమ్మంలో నిలబడ్డాడు,
మోకాళ్ళదాకా తడిసి, గోనెసంచి కింద జోయెలుతో.
"సీసా పట్టడం లేదొదినా."
అంతే అన్నాడు.

నా దగ్గరో మాట ఉంది.
మూడు నెలలుగా నూరి పెట్టుకున్నాను.
అది నాలిక చివరిదాకా వచ్చింది.
అప్పుడు పిల్లాడు ఏడ్చాడు.

జాకెట్టు ముందంతా తడిసిపోయింది, కెజియా.
రెండు వైపులా. నన్నడక్కుండానే.
నేనింకా క్షమించలేదు,
నా పాలు క్షమించేశాయి.

ఆ రాత్రి అటొకరు, ఇటొకరు.
కిరోసిన్ దీపం, గట్టు తెగుతుందేమోనని
అరుగుల మీద మేలుకున్న ఊరు.
ప్రభువుకీ ఇలాగే ఆకలేసి ఉంటుంది,
ఆయనా ఒక ఆడమనిషి రొమ్ము గుద్ది గుద్ది
నిద్రపోయి ఉంటాడు.
ఇన్నేళ్ళూ తండ్రీ అని పిలిచినదాన్ని,
ఆ చీకట్లో నా నోరు ఇంకో పిలుపు వెతికింది.
పాస్టరు గారికి చెప్పలేదు.
నీకు చెబుతున్నాను.

నెల తర్వాత, సంస్కారపు ఆదివారం,
మెర్సీ వచ్చి నా చాప మీదే కూర్చుంది.
జుట్టు సగం రాలిపోయింది.
జోయెలు నా కొంగు లాగుతుంటే చూసి
తల దించుకుంది.
రొట్టె పళ్ళెం మా వరసకి వచ్చేలోపు
మెల్లగా అడిగింది,
"పాలసొర ఎక్కడ దొరుకుద్దక్కా?"

దానికి సరిపోయే మాట నాకు తెలుసు.
దాని నోటినించే విన్నాను.

"గురువారం సంతలో," అన్నాను.
"పొద్దున్నే వెళ్ళాలి. పెద్దవి కొనకు.
వెల్లుల్లి కాస్త ఎక్కువ వెయ్యి."