ఎనిమిది తర్వాత

కృష్ణానగర్, మూడో అంతస్తు.
సుగుణాకర్ మాస్టర్ మోకాలు వంచుతున్నాడు.
"పదిసార్లు సార్" అంటుంది ఫిజియోథెరపీ అమ్మాయి.
ఆయన ఎనిమిది దగ్గర ఆగి
మళ్ళీ ఒకటి నుంచి ఎత్తుకుంటాడు.

తొమ్మిదో అంకె ఆ ఒంటికి తెలీదు.

రవీంద్రభారతిలో, ఎలుకతోకలు కట్టిన
నలభైమంది బడిపిల్లల్ని వరసకి తెచ్చినప్పుడూ
అదే లెక్క.
ఆరు లారీల రంగుపొడి మధ్య
హీరో కాళ్ళకి రాని స్టెప్పుని
ఒక్క భుజం ఎగరేతగా కుదించినప్పుడూ అదే.
ఆ ఏడు ట్యాంక్‌బండ్ మీద నిమజ్జనంలో
ఊరు ఊరంతా ఆ భుజమే ఎగరేసింది.
ఆయన పేరు మాత్రం
జనం చీకట్లో సీట్లు వెతుక్కునే వేళ
తెరమీదికొచ్చి పోయేది.

నేను మూడో వరస, ఎడమ చివర.
ఇరవై రెండేళ్ళలో కెమెరాకి తెలిసింది
నా మోచెయ్యి ఒక్కటే.
"ఫ్రేములో లేకపోతే ఏమిరా, తాళంలో ఉండు!"
నోట్లో విజిల్ తీసి మరీ అరిచాడొకసారి.
తిట్టనుకున్నాను చాన్నాళ్ళు.

ఇవాళ ఇడ్లీ పొట్లంతో వెళ్తే
తలెత్తలేదు.
ఏడు. ఎనిమిది.
కింద రోడ్డు మీద ఎవరిదో బారాత్,
డప్పు అర దెబ్బ వెనకబడింది.
మోకాలికో, దానికో
మొహం చిట్లించాడు.