గంట బరువు

పోగుల దొర అనేవాళ్ళు ఆయన్ని, మా లంకెలపూడి పల్లెలో.
ఫోగెల్ అనడానికి నోరు తిరగక కాదు,
పత్తి పోగులు తెలిసిన నోళ్ళు మరి,
వానలో వచ్చినవాణ్ణి చూరు కిందికి లాగినట్టు
తెలిసిన మాటలోకి లాక్కుని కూచోబెట్టారు.
ఆ పేరుకి వాళ్ళ దేశంలో పిట్ట అని అర్థమట.
తెలిస్తే ఇంకేం పేరు పెట్టేవాళ్ళో!

కరువులో ఒంగోలు దిక్కునుంచి
కొమ్మమూరు కాలవ తవ్వడానికొచ్చి
మట్టితట్టలు దించిన చోటే దిగబడ్డారు మావాళ్ళు.
పదకొండు గుడిసెలు.
ఆ నల్లరేగడిలో వానాకాలం గోడ నిలవదు,
ఎండాకాలం నెర్రెల్లో పిల్లల కాళ్ళు ఇరుక్కుంటాయి.
అక్కడ గుడి కడదామన్నాడు పోగుల దొర.
నవ్వారు. నవ్వి, ఒప్పుకున్నారు.

మొదటిది తాటాకు గుడి, గాలివానకి పోయింది.
రెండోది మట్టిగోడలది, వరదకి కరిగింది.
మూడోదానికి ఇటుకలు వాళ్ళే కోసి వాళ్ళే కాల్చారు.
సున్నంలో బెల్లం నీళ్ళు పోస్తుంటే
పిల్లలు గానుగ చుట్టూ మూగి వేళ్ళు నాకారట.
బల్ల వెనక గోడలో ఒక ఇటుక మీద
కుక్క అడుగు ఉంది ఇప్పటికీ.
పచ్చిగా ఉన్నప్పుడు తొక్కిపోయింది.
బాప్తిస్మం లేకుండా మా గుళ్ళో స్థిరపడింది అదొక్కటే.

చెదలు తినకముందే ఎత్తి రాయమని
పాత రిజిస్టరు నాకు అప్పగించారు.
గుంటూరు పొగాకు కంపెనీలో
ముప్ఫయ్యేళ్ళు లెక్కలు రాసిన చెయ్యి కదా అని.
పాత పేరుకి ఒక గడి, కొత్త పేరుకి ఒక గడి.
గురవడు, గమలీయేలు.
పోలి, ప్రిస్కిల్ల.
నాగి,
ఎదురుగా ఖాళీ.
కింద చీమల్లాంటి అక్షరాలు:
"పేరు మార్చుకొననన్నది. అయినను ఇచ్చితిమి."
నాగి మా అమ్మమ్మకి అమ్మ.

ఆ తర్వాత పిడికెడు బియ్యం లెక్కలు, గుడ్లు, ఒక పుంజు,
దొర బిడ్డకి తవ్విన మూడడుగుల గొయ్యి,
కూలి పుచ్చుకోలేదు.
పేజీ తిప్పితే ఒకే ఒక్క ముక్క:
"గంట చేరినది."

ఆ గంట చుట్టూ పరాయి అక్షరాలు.
వాక్యమే అనుకున్నాం నాలుగు తరాలం.
పెళ్ళికూతుళ్ళు తాకి కళ్ళకద్దుకున్నారు,
టెన్త్ పరీక్షకెళ్ళే పిల్లలు హాల్ టికెట్లు ఆనించారు.
మొన్న పాస్టరుగారబ్బాయి ఫిలేమోను
ఫోనుతో ఫోటో తీసి చదివించాడు.
పోత పోసిన ఊరు.
పోత పోసిన సంవత్సరం.
బరువు నూట నలభై రెండు కిలోలు.
అంతే.
కొందరు చిన్నబోయారు.
బయట అనొద్దన్నారు సంఘపెద్ద ఇశ్శాఖారుగారు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
అమ్మమ్మ చెప్పేది.
పడవవాడు గంటని కాలవ గట్టున దించి పోయాడని,
ఊళ్ళోవాళ్ళు బండి ఇవ్వలేదని,
మగవాళ్ళు కామందుల దమ్ముల్లో ఉన్నారని,
వెదురుబొంగుకి కట్టి ఆరుగురు ఆడవాళ్ళు
మైలున్నర బురదలో మోశారని.
ఊరి పక్కనుంచి పోయేటప్పుడు మోగకుండా
నాగి పైట చించి గంట నాలుకకి చుట్టిందని.
పోయేదాకా ఆవిడ కుడిభుజం మీద కాయ కరగలేదని.

ఆ ఆరుగురి పేర్లు రిజిస్టరులో లేవు.
నాకు తెలిసింది ఒకటే.
అది అంచున రాశాను, నా చేత్తో.
కింద ఐదు గీతలు గీసి వదిలేశాను.

మంగళవారం, ప్రార్థన లేని పూట,
గంట కొట్టే ఏసుపాదాన్ని బతిమాలాను ఒక్కసారి లాగమని.
గొణుక్కుంటూ లాగాడు.
మిరపకళ్ళాల్లో జనం నడుములెత్తి చూశారు.
"ఎవరు పోయారే?" గట్టు మీంచి కేకేసింది సలోమి పిన్ని.
ఎవరూ పోలేదు పిన్నీ, అన్నాను.
గంట చేరింది, అంతే.