మోచేతి కొలత

పన్నెండు వాటాలకూ గోరువెచ్చనే.
క్రిస్మస్ పోయి పది రోజులు, మంచు,
మంగమూరు డొంకలో మూడంతస్తుల మేడ,
తెల్లారుజామున పన్నెండు బాత్రూముల్లో పన్నెండు తిట్లు
ఒకే గొట్టంలోంచి కిందికి దిగుతున్నాయట.

సెక్రటరీ మాలకొండయ్య గారు మెట్ల దగ్గర కాయితం అంటించారు:
ఇంటికి రెండు బకెట్లు. ఆపైన ఫైను.
రెండో అంతస్తు వాళ్లు
మొదటి అంతస్తు వాళ్ల బకెట్లు లెక్కపెడుతున్నారు.
నన్ను పిలిచింది బాగుచెయ్యడానికి కాదు,
దొంగను పట్టుకోడానికి.

"జక్రయ్యా, సోలారు పోయింది. కొత్తది ఎంతవుద్ది?"
పోయిందో లేదో ముందు దాన్నడగాలి గదండీ, అన్నా.

మిద్దెక్కా.
గాజుగొట్టాలు పగల్లేదు.
మా ఒంగోలు బోరునీళ్లకు రాడ్డు మీద ఉప్పు
సున్నం కొట్టిన గోడలా పేరుకుంటది. అదీ చూశా, రవ్వంతే.
ట్యాంకు నోటి దగ్గర గొట్టం పట్టుకుంటే
చెయ్యి దానంతటదే వెనక్కొచ్చింది.
పైన నిప్పు. కింద గోరువెచ్చన.
జబ్బు కడుపులో లేదు, దారిలో ఉంది.

వేణ్ణీళ్ల వాల్వు బిగించా. పూర్తిగా.
దిగొచ్చి మాలకొండయ్య గారి బాత్రూములో
ఎర్ర గుర్తు కుళాయి తిప్పా.
రాకూడదు.
వచ్చింది.
చల్లగా, ధారగా, ఏ బెరుకూ లేకుండా.

రాకూడని చోట నీళ్లొస్తే
ఎవరింట్లోనో రెండు గొట్టాలు
చాటుగా మాట్లాడుకుంటున్నాయని అర్థం.
చన్నీళ్ల ట్యాంకు రెండడుగులు ఎత్తు;
సందు దొరికితే చల్లదనానిదే పైచెయ్యి.

డక్టులో దూరి, పావురాల రెట్టల మధ్య
ఒక్కో ఇంటి గొట్టానికీ నాడి చూశా.
మూడువందల మూడుది కుండనీళ్లలా ఉంది.

తలుపు తీసింది వెంగమాంబ గారు, కొంగు బొడ్లో దోపి.
లోపల కుర్చీలో సింగరయ్య గారు.
ఒంగోలు డిపో, శ్రీశైలం బస్సు.
దోర్నాల ఘాట్లో ఆయన బండి నేనూ ఎక్కినోణ్ణే.
ముప్పై ఏళ్లు ఇంజను బానెట్టు పక్కన
ఎడమకాలు ఉడికిన మనిషి.
ఇప్పుడా ఎడమ పక్కకే
వేడీ తెలీదు, చల్లనా తెలీదు.
దసరా ముందు ఒకరోజు తొడ బొబ్బలెక్కేదాకా
ఆయన అనలేదు, ఆమె చూడలేదు.

ఆ రోజు నుంచి
రెండు కుళాయిలూ తెరిచే ఉంటాయి.
గోళ్ల రంగుతో రెండు చుక్కలు,
ఎంతవరకు తిప్పాలో అంతవరకు.
మూసేది చేతిషవరు మీట ఒక్కటే.
"రోజూ తిప్పితే ఏదో ఒకరోజు తప్పుతా నాయనా."

ఆ మూసిన మీట వెనక
రాత్రంతా చన్నీళ్లు వేణ్ణీళ్లలోకి నడిచి
మేడ మొత్తానికీ
ఒక మనిషి ఒంటికి సరిపడే వేడి పంచాయి.

కింద మాలకొండయ్య గారు రిజిస్టరు తెరిచి కూర్చున్నారు.
"ఎవరిల్లు?"
"ఎదురునీళ్లు ఆపే వాల్వులు రెండు కావాలండీ. పదమూడొందలు."
"ఎవరిల్లని గదా అడిగింది?"
"మేడ పేరన రాయండి."
రాయలేదు. పెన్నుకు మూత మాత్రం పెట్టారు.

వాల్వులు బిగించి, ఇంటికి పోయి
అన్నం కలుపుకున్నాక తట్టింది:
ఆ చుక్కలు పాత వేడికి పెట్టినవి.
ఇక వచ్చేది అసలు వేడి.
ముద్ద పళ్లెంలోనే వదిలి మోపెడ్ తీశా.

ఆమె అప్పుడే తువ్వాలు తీసి పెడుతోంది.
పాత చుక్కలు బ్లేడుతో గీకాం.
నేను ధార కింద చెయ్యి పెట్టి, సరిపోయింది, అన్నా.
ఆమె నా అరచెయ్యి తిప్పి చూసింది.
ఇరవయ్యేళ్లు ఇనపగొట్టాలకు మరలు తీసిన చెయ్యి,
కాయలు తప్ప తోలు లేదు.
"నీ చేతులకీ ఆయన ఎడమ పక్కకీ తేడా లేదులే,"
అని తన మోచెయ్యి పెట్టింది.

ఇంకాస్త. కాదు, వెనక్కి. రవ్వంత.
నేను తిప్పుతున్నా. ఆమె కళ్లు మూసుకుంది.
కుర్చీలోంచి సింగరయ్య గారు
వంకరపోయిన మాటతో ఏదో అన్నారు.
నాకు అందలేదు.

"రైట్ రైట్ అంటున్నాడు," అంది
చుక్క పెడుతూ.