కొత్త చీటీ

స్పిరిట్ వాసనకి నా ముక్కు చచ్చి పద్దెనిమిదేళ్ళు.
తిరుపతిలో, కాలేజీ మేడమీద, జంతుశాస్త్రం మ్యూజియంలో
సీసాలు తుడవడం నా ఉద్యోగం.
ఈ వారం మాత్రం చీటీలు మార్చడం.

"పేర్లు మారినాయి దొరస్వామీ," అన్నారు సుగుణకుమారి మేడం,
"ఇన్నాళ్ళూ తప్పు చుట్టరికం కలిపినామంట."
సీసాలో ఉన్న బంగారుబల్లికి ఆ కబురు అందలేదు.
బంగారం ఎప్పుడో స్పిరిట్లో కరిగిపోయి
గాజుకి పొట్ట ఆనించుకుని, తెల్లగా, అట్లే ఉంది.

ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు.
మన మాదిరే.
తొందరైతే ఇంటిపేరుకి ఒక అక్షరం, పక్కన చుక్క,
హాజరు పట్టీలో నేను కె. దొరస్వామి అయినట్టు.
ప్రజాతి మీద కుటుంబం, దాని మీద క్రమం,
విభాగం, వర్గం, అన్నిటికీ పైన రాజ్యం.
మా ఎమ్మార్వో ఆఫీసులో కూడా ఇన్ని మెట్లు లేవు.

దేవాంగపిల్లి సీసా పిల్లుల అరలో ఉండేది.
నాకు ముందు పనిచేసినాయన పేరు చూసి పెట్టేసినాడు పాపం.
మూత తీసి దాని చెయ్యి చూసినాను.
బొటనవేలు. గోరు.
మా చిన్నది పాలకి ఏడ్చేటప్పుడు ముడిచిన పిడికిలి.
"పిల్లి కాదు, మన వైపు చుట్టం," అని మేడం
కోతి పుర్రె ఉన్న అర చూపించినారు.
అక్కడ పెట్టి తలుపు మూస్తే
అద్దంలో, వాటి వరసలోనే, నా మొహం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
పొద్దున్నే వచ్చి గబ్బిలం రెక్క ఎముకలు లెక్కపెట్టినాను.
ఐదు.
నా వేళ్ళనే పట్టి ఎవరో గొడుగు కమ్ముల్లా సాగదీసినారు.

ఎవరు?
మా నాయన పాకాల పక్కన చెనిక్కాయ పండించేవాడు.
వాన ఎగ్గొట్టిన ఏడు, అన్నీ మాడినాక
ఏ చెట్టు నిలబడిందో దాని కాయలే విత్తనానికి ఎంచేవాడు.
కొండమీద ఎంచడానికి మా నాయన లేడు.
ఎండ ఎంచింది. గద్ద ఎంచింది.
పగులు బండ సందులో దూరగలిగిన బల్లికి పిల్లలు మిగిలినాయి,
దూరలేనిదానికి లేవు.
అంతేనా మేడం అంటే,
"అంతే. కానీ కోట్ల ఏళ్ళు," అన్నారు.

పోలయ్యకి ఈ చీటీలు నచ్చవు.
కొండలో పుట్టి పెరిగిన యానాదాయన, మేడానికి దారి చూపించేది ఆయనే.
ఆయన లెక్కలో రాతివి, మానువి, మడుగువి, రేయివి.
దేవాంగపిల్లి రేయిది. గబ్బిలమూ రేయిదే.
"యాడ బతుకుతాదో అదే దాని ఇల్లు,
మళ్ళీ ఇంటిపేరెందుకు సామీ?"
మేడం నవ్వలేదు. నోటుబుక్కులో రాసుకున్నారు.

ఒకసారి పిల్లకాయలతో ఘాట్ రోడ్డుకి సంచీ మోసుకుపోయినా.
బండమీద బండ, మధ్యలో గీత.
"ఈ గీతలో ఎనభై కోట్ల ఏళ్ళు కనబడకుండా పోయినాయి," అన్నారు.
నా అరచెయ్యి వెడల్పు కూడా లేదు.
పైరాయి చల్లగా ఉంది, కిందిది ఇంకా చల్లగా.
ఒక పిల్లోడు అన్నాడు: సాక్ష్యం లేనిది ఎట్లా నమ్మేది?
నేను మాట్లాడకూడదు, అయినా నోరు ఆగలేదు.
మా తాత పేరు ఏ రికార్డులోనూ లేదు నాయనా,
తాత లేకుండానే నేనొచ్చినానా?

ఈరోజు సాయంత్రం మేడం చెప్తా ఉన్నారు,
వెనక్కి, ఇంకా వెనక్కి పోతే
మనకీ బల్లికీ ముత్తవ్వ ఒకతే అని.
ట్యూబులైటు వెనక గోడబల్లి కిచకిచమనింది.
చెయ్యి దానంతటదే లేచి బల్లమీద మూడుసార్లు తట్టింది,
సత్యం, సత్యం, సత్యం.
సిగ్గుపడి తలెత్తి చూస్తే
మేడం వేళ్ళు కూడా బల్లమీదే ఉన్నాయి.

"పెన్సిల్‌తో రాయి," అన్నారు కాసేపటికి.
"ఇంకు స్పిరిట్లో నిలవదు.
పైగా రేపు మళ్ళీ మారొచ్చు."
చెక్కుకున్నాను.
ఇంకా నలభై రెండు సీసాలున్నాయి.