గుమ్మడికాయకి కళ్లు కోయని శుక్రవారం

డైరీలో అంటించిన నారింజరంగు చీటీ:
నెలాఖరు శుక్రవారం. నల్లబట్టలు. దెయ్యం వేషం.
కింద అమ్మానాన్నల సంతకానికో గీత.
టెక్కలి మెయిన్‌రోడ్డు మీది మా బళ్లో, మూడో తరగతిలో
నాలుగు డైరీలు గీత ఖాళీగానే తిరిగొచ్చాయి.

షారోను వాళ్ల నాన్న గీత పక్కన పెన్సిలుతో,
మా ఇంట్లో ఇటువంటివి చెయ్యమండి, అని మర్యాదగా.
ముబీనా మాత్రం
"శుక్రోరం నాకు జొరమొస్తాదండి" అంది, సోమవారమే.
హాస్టల్లో ఉండే సవర సింగురు
"మా కొండమీద పోయినోలకి కూడు పెడతారు, ఏసం కట్టరు."
భావనపాడు నుంచి ఆటోలో వచ్చే నూకరత్నం
చివరిదాకా ఆగి, సంచీ తగిలించుకుని, అప్పుడడిగింది:
"దెయ్యమంటే సచ్చిపోయినోలే కదేటండి?"

వాళ్లయ్య నిరుడు వేటకెళ్లాడు.
పడవ దొరికింది.

ఈ ఆలోచన ఎవరిదని ఎవరూ అడగలేదు,
గుమ్మడికాయ దొంగలా నేనే భుజాలు తడుముకున్నాను.
స్టాఫ్ మీటింగులో, ఫొటోలు బావుంటాయి సార్, అన్నది నేనే.

"ఆ నలుగుర్నీ లైబ్రరీలో కూచోబెట్టండి" అన్నారు ప్రిన్సిపాలుగారు.
మా లైబ్రరీ ఒక బీరువా.
తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది.

బోర్డు తుడిచి రాశాను:
ఈ నెల మీ ఇంటికి కొత్తగా ఏమొచ్చింది?
అది తీసుకురండి.

తేలినీలాపురం కుర్రాడు గూడబాతు ఈక తెచ్చాడు:
"మా ఊరి ఆడపడుసులండి, ఏటేటా పురుడుకొస్తారు."
షారోను తెచ్చింది వాళ్ల తాత మంకీటోపీ,
కలరా ఉండల వాసనతో సహా.
"సలొచ్చిందండి మా ఇంటికి."
సింగురు జేబుల్లో సీతాఫలాలు పండి, పగిలి
లాగంతా తీపి, చీమలు.
జొరం రాని ముబీనా తమ్ముణ్ణే తెచ్చింది,
ఇరవయ్యొక్క రోజులవాణ్ణి, వాళ్లమ్మ ఒళ్లో.
క్లాసు క్లాసంతా ఊపిరి బిగబట్టి వాడి ఆవలింత చూసింది.
యశ్వంతు దెయ్యం మాస్కు పట్టుకుని గుమ్మంలోనే ఏడుపు:
"కొనీసినామండి, నూటిరవై!"
రా నాయనా, అదీ ఈ నెల మీ ఇంటికొచ్చిందేగా.
ఈక పక్కన పెట్టాం.

ఫొటోలకి ఫోను పట్టుకొచ్చిన ప్రిన్సిపాలుగారు
థీమేదండీ అని అడిగి,
ఎవరూ చూడట్లేదనుకుని
ఆ ఈకతో చెంప ఒకసారి రాసుకుని వెళ్లారు.

మిగిలింది బడి డబ్బుతో కొన్న గుమ్మడికాయ.
ఆయా అప్పలనర్సమ్మ, ఆడది తొలికత్తి పెట్టకూడదని
వాచ్‌మన్‌ని కేకేసి పగలగొట్టించి
బెల్లమేసి పులుసు పెట్టింది.
అరిటాకు ముక్కల్లో అందరికీ.

నూకరత్నం ఏమీ తేలేదు.
నేనడగలేదు.
తన ఆకు పక్కన ఇంకో ఆకు పరిచి
అన్నం, దాని మీద గుమ్మడిముక్కలు
పెద్దవి ఏరి ఏరి పెట్టింది.
"అయ్యొత్తే" అంది, ఎవరి వైపూ చూడకుండా.

సింగురు లేచి వెళ్లి ఆ ఆకు దగ్గర గొంతుక్కూచున్నాడు.
గంట కొట్టేదాకా
ఈగలు తోలుతూనే ఉన్నాడు.