అయిదో అంకం, ఆఖరి పద్యం

పక్కతెర వెనక స్టూలు నాది.
ఇరవయ్యారేళ్లుగా
ఇతరుల నోళ్లకి మాటలందిస్తున్నాను
గుసగుసగా,
చంటిదానికి ఉగ్గు పట్టినట్టు.

ఓడ నాయకుడి కూతురి కథ మా నాటకం.
తండ్రి పోయాడు. సరుకు ఓడలో ఉంది. గాలి తిరిగింది.
ఆడది పలక మీద కాలు మోపితే సముద్రం అలుగుతుందని
అయిదుగురు పెద్దలు పద్యాల్లో చెబుతారు:
ఒకడు సీసంలో, ఇద్దరు కందాల్లో,
మిగతా ఇద్దరూ దగ్గుతూ.
ఆమె తండ్రి తలపాగా చుట్టుకుని చుక్కాని పడుతుంది.
ఓడ తిరిగొస్తుంది, నిండుగా.
అయినా శిక్ష వేస్తారు
తిరిగి రావడమే నేరమన్నట్టు.

ఇన్నాళ్లూ ఆ వేషం బంగారయ్యది.
మీసం గొరిగి చీర కట్టి,
మూడో అంకంలో ఆ చీర మీదే మళ్లీ మీసం అంటించుకుని
మగాడిలా నడిచే ఆడదానిలా
నడిచేవాడు ఆ మగాడు.
ఎవరికీ నవ్వు రాలేదు. నాకూ రాలేదు.
ఆఖరి పద్యానికి మాత్రం ఏడ్చేవాళ్లం.
*ఆడపుట్టుక పుట్టి హద్దు దాటితినయ్య,
మన్నించు సాగరా* అని దూకేస్తుంది.
తెర.

మోకాళ్లరిగి బంగారయ్య మానేశాడు.
ఈ వేసవి, వేట నిషేధంలో
బోట్లన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిద్రపోతుంటే
ఐస్ ఫ్యాక్టరీలో పని తగ్గి నూకరత్నం వచ్చింది.
చేతుల నిండా మంచు కోసిన గీతలు.
గొంతెత్తితే రెండో వీధిలో కుక్కలు లేచేవి.
చదివింది నాలుగో క్లాసు. పద్యం ఒక్కసారి వింటే చాలు.
తలపాగా తనే చుట్టుకుంది, వాళ్ల అయ్య చుట్టినట్టు.
"పలక నానెప్పుడూ ఎక్కనేదు మాస్టారూ.
తెడ్లు కడిగినాను, వలలు కుట్టినాను,
గుంటలు పడవలోకి రాకూడదన్నారు."
అది సెట్టు పలక. నాలుగు మేకులు, నీలం రంగు.
ఎక్కేముందు వంగి దండం పెట్టుకుంది.

ఫిషింగ్ హార్బరు గేటు పక్క ఖాళీ జాగాలో ఆట.
యారాడ కొండ మీది లైటు
వచ్చి చూసి పోతోంది, వచ్చి చూసి పోతోంది.
ముడి ఇనుము దుమ్ము తెర అంచుని ఎర్రగా కొరికేసింది.
అయిదో అంకం. హార్మోనియం శ్రుతి పట్టింది.
ఆమె అంచుకొచ్చింది.
నోరు విప్పలేదు.

మర్చిపోయిందనుకున్నాను.
అందించాను: *ఆడపుట్టుక...*
ఇంకాస్త గట్టిగా: *ఆడపుట్టుక పుట్టి...*
మూడోసారికి ముందు వరస పిల్లలకి వినపడి నవ్వారు.
ఆమె తిరిగి నన్ను చూసింది.
మర్చిపోయిన కళ్లు నాకు తెలుసు,
వేలు చూశాను. అవి ఆకలి కళ్లు.
ఇవి కావు.
హార్మోనియం ఒక్క స్వరం మీదే నిలబడి చెమట్లు కక్కింది.
వెనక సముద్రం, రంగు వేసింది కాదు, అసలుది,
ఒక అల, ఇంకో అల.
దూకనూ లేదు.
తలపాగా విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకుంది.

అప్పుడు వల గుట్ట మీంచి ఎవరో ముసలమ్మ:
"వన్స్‌మోర్!"

పద్యానికి విన్నాను, రాగానికి విన్నాను,
ఒకసారి కత్తి విరిగినందుకూ విన్నాను.
ఊరుకున్నందుకు వినడం ఇదే.
నూకరత్నం మొహమాటపడలేదు.
రెండడుగులు వెనక్కి వేసి, మళ్లీ అంచుకొచ్చి
మళ్లీ ఊరుకుంది.
ఈసారి నేనూ.
తెర ఎప్పుడు దించాలో ఎవరికీ తెలీలేదు.

మర్నాడు కాంట్రాక్టరు రెండొందలు కోశాడు
పద్యం పాడనందుకు.
"ఊరుకున్నందుకు వన్సుమోరొచ్చినాది కదేటి,
దానికెంతిత్తారు?" అంది.
ఆయన బీడీ వెలిగించుకున్నాడు.

నిషేధం ఎత్తేశారు. ఐస్ మరలు మళ్లీ కూస్తున్నాయి.
పుస్తకం ఎక్కడ తెరిచినా ఆ పేజీయే వస్తోంది.
కొట్టేద్దామని పెన్సిలు తీశాను.
ముక్కు విరిగి ఉంది.
బ్లేడు కోసం వెతుకుతున్నాను.